అయిదు గీతల మీద సంగమ్మ రాగం

ఆ రోజుల్లో నారాయణఖేడ్ చుట్టుపక్కల మనిషి పోతే డప్పుకంటే ముందు సంగమ్మకు కబురు పోయేది. ఏడవడానికి ఇంట్లో ఆడవాళ్లు లేకనా? గుండెలు బాదుకుని ఏడ్చేవాళ్లు ఎక్కడైనా బోలెడుమంది. కానీ ఏడుపు వేరు, సంగమ్మ రాగం వేరు. ఆమె చావింటి గోడకు ఆనుకుని కూర్చుని, కొంగు మొహం మీదికి లాక్కుని రాగం ఎత్తిందంటే, అప్పటిదాకా మూల నిలబడి చేను వాటాల గురించి గుసగుసలాడుతున్న అన్నదమ్ములు కూడా నోరు మూసుకుని కళ్లు తుడుచుకోవాల్సిందే. పోయినవాడు ఏ చేను దున్నాడు, ఏ ఎద్దును కొడుకుకంటే ఎక్కువ చూసుకున్నాడు, ఏ బిడ్డను భుజాన వేసుకుని మనూరు జాతరకు నడిచాడు, అన్నీ అందులో కట్టి చెప్పేది. ఆ మాటలు అప్పటికప్పుడు పుట్టేవి, శవం లేవగానే పోయేవి. రాగం మాత్రం ఒక్కటే. అది ఆమె తల్లి దగ్గర్నుంచి వచ్చింది, ఆ తల్లికి నాగల్‌గిద్ద అవతల కన్నడం మాట్లాడే ఊళ్లలోంచి వచ్చింది.

ఆ రాగానికి ఒక కట్టుబాటు ఉంది. శవం లేని ఇంట్లో ఎత్తకూడదు. ఎత్తితే ఆ ఇల్లు శవాన్ని వెతుక్కుంటుందంటారు. సంగమ్మ పొరపాటున కూడా, కలుపు తీస్తూ కూడా, దాన్ని నోట్లో అనుకునేది కాదు. మరి నేర్చుకునేదెట్లా అంటారా? కూతుళ్లు తల్లుల వెంట చావిళ్లకు పోవాలి. పక్కన కూర్చుని వరస చివర అందుకోవాలి. అట్లా ఏళ్ల తరబడి అందుకుంటే అంటుతుంది.

సంగమ్మకు ఒక్కతే కూతురు, హన్నమ్మ. వరస అందుకోవాల్సిన వయసులో ఆ పిల్ల మిషను బోర్డింగులో చదువుకుంటోంది. సెలవుల్లో ఇంటికి వస్తే తల్లి చావింటికి రమ్మనేది. పిల్ల రానని మొండికేసేది. బోర్డింగులో తోటి పిల్లలు "ఏడుపుల సంగమ్మ బిడ్డ" అని వెక్కిరించేవాళ్లు మరి. వాళ్ల నోళ్లు పడిపోను, వాళ్ల తాతలు పోయినప్పుడు ఏడ్చింది కూడా సంగమ్మే. అయినా చిన్న పిల్లకు సిగ్గేసింది. తల్లి ఒకటి రెండుసార్లు అడిగి, తర్వాత అడగడం మానేసింది.

ఇప్పుడు హన్నమ్మకు పెళ్లయింది. మొగుడు ప్రేమదాసు మిషను బడిలో పంతులు, సైకిలు మీద కల్హేరు దాకా తిరిగి పిల్లలకు చదువు చెబుతాడు. ఆదివారం ప్రార్థనలో హన్నమ్మ హార్మోనియం వాయిస్తుంది. మొగుడు పోయాక సంగమ్మ కూతురి ఇంట్లోనే ఉంటోంది. ఏడాదిగా దగ్గు పట్టుకుంది. దవాఖానలో డాక్టరు గొట్టం పెట్టి విని, ఏమీ చెప్పకుండా సీసాలో మందు పోసి పంపాడు. ఏమీ చెప్పలేదంటే ఏమిటో సంగమ్మకు తెలుసు. ఎన్ని చావిళ్లు చూసింది.

ఒకరోజు చేటలో కందులు చెరుగుతూ ఆ మాట తనే ఎత్తింది.

"నేను పోతే నన్ను ఎవరు ఏడుస్తరే?"

"గట్లనకు అవ్వా," అంది హన్నమ్మ. తల్లిని అక్కడ అవ్వ అనే పిలుస్తారు.

"ఏడ్వకుంట ఎట్లుంటరు, ఏడుస్తరు. రాగంతోటి ఎవరు ఏడుస్తరు? ఖేడ్ల అందర్ని నేనే సాగనంపిన. నన్ను మూగదాని లెక్క తీస్కపోతరా?"

కూతురు చేట అందుకుని కందులు చెరగసాగింది. ఆ రాగం తెలిసిన మనిషి లోకంలో ఇంకొకరు లేరు, ఉండాల్సింది తను.

సంఘం పెద్ద యేసయ్య మంచివాడు. పరలోకం మీద నమ్మకం ఉన్నవాళ్లు అట్లా రాగాలు తీసి ఏడవకూడదని సంగమ్మకు ఎన్నోసార్లు చెప్పాడు. సంగమ్మ శ్రద్ధగా విని, తలూపి, మర్నాడు మళ్లీ చావింటికి పోయేది.

హన్నమ్మకు దారి చూపించింది మిస్సమ్మ. ఊళ్లు తిరిగి ఆడపిల్లలకు పాటలు నేర్పే దొరసాని. హన్నమ్మకు హార్మోనియం నేర్పింది ఆవిడే, దొరల పద్ధతిలో అయిదు గీతల మీద స్వరాలు చదవడం నేర్పిందీ ఆవిడే. దేశదేశాల మధ్య లడాయి ముదిరేసరికి ఆవిడ తన దేశానికి వెళ్లిపోవాల్సి వచ్చింది. పోతూ పోతూ ఒక కాగితాల కట్ట హన్నమ్మ చేతిలో పెట్టింది. ప్రతి కాగితం మీదా అయిదేసి గీతలు వరసలు వరసలుగా అచ్చేసి ఉన్నాయి. వాటిమీద ఏమీ లేదు, ఉత్త గీతలే.

"చదువుట వచ్చినది. ఇప్పుడు వ్రాయుట నేర్చుకో," అంది మిస్సమ్మ తన పుస్తకాల తెలుగులో. "ఈ గీతల మీద పట్టని పాట లోకములో లేదు. ముందు స్వరము వ్రాయుము. మాట తర్వాత. మాట ఎక్కడికీ పోదు, స్వరము ఎగిరిపోవును."

కీర్తనల సంగతిలో అది నిజమే. మాటలు పుస్తకంలో అచ్చయి ఉంటాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసి కింద రాసుకోవచ్చు. హన్నమ్మ ఆ మాటను దేవుడి వాక్యంలా పట్టుకుంది.

లడాయి రోజుల్లో ఉత్త కాగితమే దొరకదు, అయిదు గీతల కాగితం ఎక్కడ దొరుకుతుంది? అందుకని ముందు పలక మీద మేకుతో అయిదు గీతలు గీసుకుని దానిమీద సాధన చేసింది. పొద్దున రొట్టెలు చేయడం అయ్యాక ప్రేమదాసును కూర్చోబెట్టి ఒక కీర్తన పాడమనేది. అతను పాడుతుంటే విని రాసేది. తర్వాత హార్మోనియం మీద వాయించి, తప్పు ఎక్కడుందో చూసి చెరిపేది. ప్రేమదాసు గొంతు సంగతి ఏం చెప్పాలి, ఒక కీర్తనను ఒకే రకంగా రెండుసార్లు పాడిన పాపాన పోలేదు. హన్నమ్మ విసుక్కునేది. అతను నవ్వి సైకిలెక్కి పోయేవాడు. చేయి తిరిగాక కాగితం మీదికి వచ్చింది. పెన్సిలుతో రాసి, రబ్బరుతో తుడిచి, అదే కాగితం మీద మళ్లీ రాసి, కాగితానికి నూగు లేచేదాకా రాసింది. కొన్ని మంచి కాగితాలు మాత్రం పెట్టె అడుగున తీసిపెట్టింది.

సంగమ్మ పక్కన కూర్చుని చూసేది.

"ఏందే గిది, మొదట్ల తేలు గీసినవ్?"

"తేలు గాదవ్వా. అది గుర్తు. గది పెడితెనే ఏ గీత మీద ఏ స్వరమో తెలుస్తది."

"మరి గీ నల్లయి?"

"అవే స్వరాలు."

"జొన్నలు సల్లినట్టున్నది. కోళ్లు జూస్తె ఏరుకుంటయి, జర లోపట వెట్టుకో."

హన్నమ్మ నవ్వింది. నవ్వుతూనే, చాలా రోజులుగా మనసులో నలుగుతున్నది అడిగింది. "నీ రాగం గిట్ల రాసుకుంట అవ్వా. రాసుకుంటె చూసి పాడొచ్చు. రేపు నువ్వు..." అని ఆగిపోయింది.

సంగమ్మకు అర్థమైంది. కూతురి మొహంలోకి, కాగితంలోకి మార్చి మార్చి చూసింది. "గీ గీతల మీద పడ్తదా?"

"ఏదైన పడ్తదంట. మిస్సమ్మ చెప్పింది."

"అయితె రాయి." ముసలిదాని కళ్లలో వెలుగు కనిపించింది. "కాని శవం లేంది నేను ఎత్త."

"సన్నగ, ఒక్కసారి, నోట్లనే..."

"నీకు మొగుడున్నడు. ఊర్లు తిరిగెటోడు. నా నోటితోటి నీ ఇంటి మీదికి తెస్తనా? మల్ల అడుగకు."

మళ్లీ అడగలేదు. చావింటికే పోయి రాయాలని నిశ్చయించుకుంది.

అట్లాంటి రోజు వచ్చింది. పెద్ద రైతు మాణిక్యప్ప పోయాడు. ఆయన భార్య లింగమ్మ సంగమ్మకు నడిచే ఓపిక లేదని తెలిసి బండి పంపింది. హన్నమ్మ రెండు కాగితాలు మడిచి కొంగులో పెట్టుకుని తల్లి వెంట వెళ్లింది. ఇన్నేళ్లలో కూతురు వెంట రావడం అదే మొదటిసారి. బండిలో సంగమ్మ ఆమె చేయి వదల్లేదు.

వాకిట్లో, తమలాంటివాళ్లు కూర్చునే గోడవార కూర్చున్నారు. సంగమ్మ రాగం ఎత్తింది. హన్నమ్మ తల్లి వీపు చాటున కాగితం పరిచి రాయడం మొదలుపెట్టింది. కష్టం ఎంతనుకున్నారు. కీర్తనలో స్వరం గీత మీద కూర్చుంటుంది, లేదంటే రెండు గీతల మధ్య కూర్చుంటుంది. ఈ రాగం ఎక్కడా కుదురుగా కూర్చోదు, ఒక చోటినుంచి ఇంకో చోటికి జారుతుంది. జారిన చోటల్లా హన్నమ్మ చిన్న వంకర గీత పెట్టుకుంటూ పోయింది. చుట్టూ ఏడుపులు, పైగా తల్లికి దగ్గు. రెండు వరసలు రాసిందో లేదో, లింగమ్మ తల తిప్పి చూసింది.

"నా మొగడు సచ్చి పండుకుంటె నువ్వు లెక్కలు రాస్తున్నవా?"

వాకిట్లో ఉన్న ఆడవాళ్లంతా చూశారు. హన్నమ్మ చేతిలో పెన్సిలు కిందపడింది. లింగమ్మను ఏమనగలం? ఆమె ఏడుస్తున్న చోట ఒకామె కాగితం మీద గీతలు గీస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. సంగమ్మ రాగం మధ్యలో ఆగిపోయింది. ఆమె జన్మలో అట్లా ఎప్పుడూ ఆగలేదు. తిరిగి వచ్చేటప్పుడు బండిలో ఒక్క మాటే అంది. "ఇగ సావిండ్లకు కాయితం తేకు."

సరే, కాగితం తీసుకుపోను, విని మనసులో పెట్టుకుని ఇంటికొచ్చి రాస్తాననుకుంది హన్నమ్మ. దానికీ సాధన మొదలుపెట్టింది. ఎవరు ఏం పాడినా, నాట్లేసేవాళ్లయినా, భిక్షానికి వచ్చే జంగమయినా, ఒకసారి విని, మధ్యలో బావికి పోయి బిందె నింపుకుని, అప్పుడు ఇంటికొచ్చి పలక మీద దించేది. చేయి గాలిలా పరుగెత్తేది. ఇక కావాల్సింది ఒక్కటే, ఎవరో ఒకరు పోవాలి.

అవును, అక్కడికే వచ్చింది ఆమె బతుకు. పక్క వాడలో కిష్టప్ప అనే ముసలాయన మంచం పట్టాడు. హన్నమ్మ రోజూ పోయి ఎట్లా ఉందని అడిగేది. కిష్టప్ప కోడలు పొంగిపోయింది. "సొంత బిడ్డ గూడ గింత అర్సుకోదు," అని కొంగు నిండా కందికాయలు పోసి పంపింది. ఒకరోజు పోయేసరికి కిష్టప్ప అరుగు మీద కూర్చుని చుట్ట తాగుతున్నాడు. "బతికి బయటవడ్డ బిడ్డా," అని నవ్వాడు. హన్నమ్మ గుండెల్లో ఏదో చప్పున చల్లారింది. అది నిరాశ అని తెలియడానికి ఆమెకు ఇంటి దాకా నడవాల్సి వచ్చింది. తెలిశాక గడప దాటలేక అక్కడే కూలబడింది.

"ఏమైందే?" అని సంగమ్మ గోడ పట్టుకుని లేచి వచ్చింది.

"నేను మనిషి సావుకు కాసుకొని కూసున్న అవ్వా. ముసలాయన బతికిండంటె నాకు మనసున వట్టలే. నేనేం మనిషిని."

వెక్కి వెక్కి ఏడ్చింది. సంగమ్మ ఆమె తల మీద చేయి వేసి నిమిరింది. ఆ చేయి వేడిగా ఉంది, జ్వరం. అట్లా చాలాసేపు నిమిరింది.

మర్నాడు పగలు వాడలో నరపురుగు లేదు. జొన్న కోతలు, అందరూ చేలల్లో ఉన్నారు. ప్రేమదాసు కల్హేరు పోయాడు. సంగమ్మ నీళ్లు కాచమని అడిగి తలకు పోసుకుంది. ఉతికిన చీర కట్టుకుంది. ఇంటి నడుమ చాప వేయమంది. తలను దక్షిణం దిక్కు పెట్టి పడుకుని, తెల్ల దుప్పటి గుండెల దాకా లాక్కుంది.

"కాలి బొటనవేళ్లు కట్టు," అంది.

"ఏందవ్వా గీ పని?"

"శవం ఉంటెనే ఎత్తాలె. ఇగో ఉన్న గద. ఇల్లు ఎతుక్కుంటె నన్నే ఎతుక్కుంటది, నువ్వు పరేషాన్ గాకు. నాకెట్లయిన గిన్నే దినాలు. నా బిడ్డ ఊరోళ్ల సావుకు కాసుకొని కూసునుడు నాకొద్దు."

హన్నమ్మకు ముందు నవ్వొచ్చింది. ముసలిది శవంలా పడుకుని పనులు పురమాయిస్తుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. తర్వాత ఆ నవ్వు ఏడుపైంది. నావల్ల కాదంది.

"జల్దీ కట్టు. దమ్ము ఉన్నప్పుడే అయిపోవాలె. మల్ల ఎత్తుమంటె నాతోని గాదు."

హన్నమ్మ దారం తీసుకుని తల్లి కాళ్లు కట్టింది. తలుపు మూసింది. పెట్టె అడుగున దాచిన మంచి కాగితాలు తీసింది, పెన్సిళ్లు చెక్కుకుంది, తల్లి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

సంగమ్మ కళ్లు మూసుకుని తనను తాను ఏడ్చుకోవడం మొదలుపెట్టింది.

ఆ ఎండిన గుండెలో అంత గొంతు ఎక్కడ దాగిందో. ఒక్కసారి కూడా దగ్గు రాలేదు. రాగం కిందినుంచి లేచి, తారాడి, జారి, మళ్లీ లేచింది. మొదటి చుట్టులో హన్నమ్మ స్వరాల జాడ పట్టుకుంది. రెండో చుట్టులో తప్పులు దిద్దుకుంది. తర్వాత ఏ స్వరం ఎంతసేపు నిలుస్తుందో, ఎక్కడ జారుతుందో, ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో గుర్తులు పెట్టుకుంది. ఇన్నాళ్ల సాధన వృథా పోలేదు. చేయి రాగంతో సమంగా నడిచింది, ఒక్కచోట కూడా వెనకబడలేదు. నిజం చెప్పాలంటే ఆ కాసేపు ఆమెకు సంతోషమే కలిగింది. పట్టనిదనుకున్నది పట్టుబడుతుంటే ఎవరికి సంతోషం కాదు?

సంగమ్మ చెబుతూనే ఉంది. పుట్టిన ఊరు, కట్టుకున్న మొగుడు, ఇంకేమేమో. మాటలు వాననీళ్లలా హన్నమ్మ పక్కనుంచి పోతున్నాయి. తన పేరు మాత్రం చెవిన పడింది. "హన్నమ్మా" అని తల్లి రాగంలో అన్నింటికంటే పైనున్న స్వరం మీద పిలిచింది. ఒకసారి కాదు, చుట్టు చుట్టుకూ పిలిచింది. ఆ స్వరం అయిదు గీతలూ దాటి పైకి పోయింది. అట్లాంటి చోట పైన ఇంకో పొట్టి గీత గీసి దానిమీద పెట్టాలి. ఆ పొట్టి గీత సరిగ్గా పడిందా లేదా అని హన్నమ్మ వంగి చూసుకుంది.

రాగం ఆగింది. సంగమ్మ కళ్లు తెరిచింది. చెంపల మీదినుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి.

"ఇన్నవా బిడ్డా?"

"అంత రాసిన అవ్వా. ఒక్కటి గూడ పోలే."

తల్లి ఆమెనే చూసింది, చాలాసేపు చూసింది. "సరే. కాళ్లిప్పు," అంది.

రెండు రోజుల తర్వాత తీరిక చేసుకుని హన్నమ్మ ఇంకో మంచి కాగితం మీద సాపు రాయడానికి కూర్చుంది. స్వరాలన్నీ ఎంతో అందంగా దిగాయి. ప్రేమదాసు చూసి, అచ్చు వేసినట్టుందన్నాడు. ఇక మిగిలింది మాటలు. స్వరం తర్వాత మాట, అలవాటు ప్రకారం. పై స్వరం కింద "హన్నమ్మా" అని రాసింది. పక్క స్వరం కిందికి పెన్సిలు జరిపింది.

ఆ తర్వాత ఏమిటి?

పెన్సిలు ఆగిపోయింది. మొదటి వరస నుంచి మళ్లీ చూసింది. ఏ స్వరం ఎక్కడ ఎంత నిలిచిందో తెలుసు. తల్లి ఎక్కడ ఊపిరి పీల్చిందో తెలుసు. ఏమందో తెలియదు. ఒక్క మాట కూడా గుర్తు లేదు. తన పేరు వచ్చిన ప్రతిచోటా ఆ పేరు రాసింది. కాగితమంతటా కింద అదొక్కటే ఉంది, మిగతాదంతా ఖాళీ. హన్నమ్మ కాగితం పట్టుకుని తల్లి దగ్గరికి ఉరికింది. సంగమ్మ గోడవార దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. ఆ రోజు నుంచి గొంతు పోయింది, గుసగుసగా తప్ప మాట రావడం లేదు.

"అవ్వా, మొన్న నన్ను పేరు వెట్టి పిలిచినవ్. ఏమన్నవు?"

"ఏడుపుల మాటలు యాదికుంటయా? మాణిక్యప్పకు ఏమన్ననో చెప్పుమంటె చెప్తనా?"

"మాణిక్యప్ప సంగతి ఎందుకు. నా సంగతి చెప్పు. నన్నేమన్నవు?"

సంగమ్మ మొహం గోడ వైపు తిప్పుకుంది. చెప్పదేమో అనుకుంది హన్నమ్మ.

"అన్న. శాన ఏండ్ల సంది అనాలనుకున్నది అన్న."

"మల్ల చెప్పు. రాగం వద్దు. ఉత్తగ చెప్పు."

"ఎదురుంగ కూసోవెట్టి చెప్పేదయితె ఎప్పుడో చెప్తుంటి గద బిడ్డా." దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. అది తగ్గాక కూతురి చేతిలో కాగితం వైపు చూసింది. "నువ్వు రాగమడిగినవ్. దొరికింది గద. మంచిగ రాసినవ్."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే హన్నమ్మకు బాగుండేది. తిట్టిందా? చావిళ్లకు రానని మొండికేసినందుకు, తల్లిని చూసి సిగ్గుపడినందుకు ఇన్నేళ్లు కడుపులో పెట్టుకున్నది కక్కిందా? లేక దీవించిందా? క్షమించానందా? ఏదైనా సరే, తిట్టయినా సరే, అది తన సొత్తు. పక్కనే కూర్చుని పోగొట్టుకుంది. తల్లి పొట్టలో మొహం పెట్టుకుని ఏడ్చింది. సంగమ్మ నిమురుతూ ఉండిపోయింది, అంతే.

తర్వాత ఎన్నో విధాల అడిగి చూసింది. గంజి తాగిస్తూ అడిగింది, తల దువ్వుతూ అడిగింది. చివరి రోజుల్లో సంగమ్మ కళ్లు మూసుకుని వినిపించనట్టే ఉండేది. ఇంట్లో ఆ రాగం పాడటానికి లేదు కాబట్టి హన్నమ్మ హార్మోనియం తిత్తి మూసేసి, గాలి లేని మెట్ల మీద వేళ్లు మాత్రం నడిపేది. చప్పుడు లేకుండా అట్లా రాగమంతా కంఠస్థమైంది. తల్లి బతుకు గురించి తనకు తెలిసినదంతా మాటలుగా కూడా కూర్చుకుంది. నడిచిన దారులు, చేసిన కూలి, సాగనంపిన మనుషులు. ఖాళీలన్నీ వాటితో నింపుకోవచ్చనుకుంది.

కందులు నూర్చే రోజుల్లో, ఒక పొద్దున, సంగమ్మ పోయింది.

ఖేడ్ అంతా వచ్చింది. వాకిట్లో యేసయ్య వాక్యం చదివాడు, ప్రార్థన చేశాడు, కీర్తన పాడించాడు. లింగమ్మ వచ్చింది. పెద్ద రైతుల ఇళ్ల ఆడవాళ్లు ఆ వాడలోకి రావడం ఎవరూ ఎరగరు. వచ్చి, చాప వేస్తుంటే వద్దని, మట్టిలోనే చతికిలబడింది. కీర్తన అయిపోయాక ఎవరూ లేవలేదు. ఆడవాళ్లంతా హన్నమ్మ వైపు చూశారు. యేసయ్య కూడా చూశాడు. ఏదో అనబోయి, పుస్తకం మూసి, పక్కకు జరిగి నిలబడ్డాడు.

హన్నమ్మ తల్లి తల దగ్గర కూర్చుంది. కాగితం ఒళ్లో పరుచుకుంది. కొంగు మొహం మీదికి లాక్కుని రాగం ఎత్తింది.

అచ్చం సంగమ్మే. అదే లేవడం, అదే జారడం, అదే చోట ఊపిరి. తల్లి నడిచిన దారుల గురించి హన్నమ్మ మొదటి వరస పాడింది. రెండో వరసలో సాగనంపిన మనుషుల గురించి మొదలుపెట్టింది. అంతలో పై స్వరం వచ్చింది. కాగితం మీద ఆ స్వరం కింద తన పేరు ఉంది. ఆ పేరును తను పిలుచుకోలేదు కదా. "అవ్వా" అని పిలిచింది. ఆ తర్వాత పాడాల్సిన మాట, కూర్చుకున్న మాట, నోటికి రాలేదు. వేరే మాట వచ్చింది.

"ఏమన్నవే అవ్వా, నన్నేమన్నవే."

రాగం ఆగకూడదు కాబట్టి అదే మాటతో కిందికి దిగింది. మళ్లీ పైకి లేచింది, మళ్లీ అదే అడిగింది. కూర్చుకున్నవన్నీ పోయాయి. ఏమన్నవే అవ్వా, నన్నేమన్నవే. వరస వెంట వరస, కాగితం చివరిదాకా అదే.

ప్రతి వరస చివరా ఆమె ఆగింది. తమకోసం ఆగిందనుకుని ఆడవాళ్లు అందుకున్నారు. అందరికంటే గట్టిగా లింగమ్మ అందుకుంది. హన్నమ్మ మాత్రం తల్లి మొహంలోకి వంగి చూస్తూ, వాళ్లది అయిపోయాక కూడా కాసేపు ఊరుకుని, అప్పుడు మళ్లీ ఎత్తింది.